అలలపై సువార్త: ఎమీ సెంపుల్ మెక్‌ఫర్సన్

రేడియో పెట్టె ముందు కూర్చుండి ప్రసంగము వినుట మనకు వింత గాదు. వక్త కంటికి కనబడడు, అతని హావభావములు తెలియవు. కంఠమొక్కటే ఇంటిలోనికి వచ్చి మనతో మాట్లాడుచుండును. ఈ కంఠబలమును మతప్రచారకులలో ముందుగా గుర్తించిన కొలదిమందిలో ఒక స్త్రీ ఉన్నదన్న శ్రోతలలో కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. ఆమె పేరు ఎమీ సెంపుల్ మెక్‌ఫర్సన్. ఆమెను దైవదూత అన్నవారున్నారు, నటీమణి అన్నవారున్నారు. ఆమె జీవితమును చదివినకొలదియు ఆ రెండు మాటలును తొందరపడి అన్నవే అని మాకు తోచినది.

ఆమె పెంతెకొస్తు బోధకురాలు. పెంతెకొస్తు అనగా గ్రీకు భాషలో ఏబదియవది. క్రీస్తు పునరుత్థానము తరువాత ఏబదియవ దినమున యెరూషలేములో శిష్యులపై పరిశుద్ధాత్మ దిగివచ్చెననియు, వారు తమకు రాని భాషలలో మాట్లాడిరనియు అపొస్తలుల కార్యముల గ్రంథము చెప్పుచున్నది. ఆ అనుభవము నేటి విశ్వాసికిని లభించునని పెంతెకొస్తు వారు నమ్ముదురు. 1906లో లాస్ ఏంజెలిస్ నగరమున, అజుసా వీథిలోని ఒక పాత కట్టడములో విలియం సేమోర్ అను నల్లజాతి బోధకుడు నడిపిన కూడికల నుండి ఈ ఉద్యమము దేశదేశములకు ప్రాకెను. అంతకు ఏడాది ముందే, 1905లో, పూనా చెంతనున్న కేడగాంలో పండిత రమాబాయి ముక్తి ఆశ్రమమున ఇట్టి ఉజ్జీవమే కలిగినదని మనము మరువరాదు.

ఎమీ 1890 అక్టోబరు 9వ తేదీన కెనడా దేశములోని ఒంటారియోలో ఒక రైతు ఇంట జన్మించెను. తల్లి రక్షణ సైన్యమున సేవ చేసినది. పాఠశాలలో చదువుచుండగా పిల్ల రాబర్ట్ సెంపుల్ అను ఐర్లండు యువకుని ప్రసంగము విని మారుమనస్సు పొంది, 1908లో అతనినే వివాహమాడెను. 1910లో దంపతులు చీనా దేశమునకు సువార్త చెప్పబోయిరి. హాంకాంగు చేరిన కొలది కాలమునకే ఇరువురును జబ్బుపడిరి. ఆగస్టులో రాబర్ట్ మరణించెను. మరుసటి నెలలో అతని కుమార్తె పుట్టెను. పందొమ్మిదేండ్ల వితంతువు నెలల పసికందుతో సముద్రము దాటి తిరిగివచ్చెను. 1912లో హెరాల్డ్ మెక్‌ఫర్సన్‌ను చేసికొని గృహిణిగా స్థిరపడ చూచినది గాని, ఆమె మనసు అందు నిలువలేదు. తీవ్రమైన జబ్బు చేసి శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, బోధింప బొమ్మని దైవము తన్ను పిలిచెనని ఆమె చెప్పుకొన్నది. 1915లో బిడ్డలను వెంటబెట్టుకొని ఇల్లు విడిచెను.

ఆ ఏడు ఒంటారియోలోని మౌంట్ ఫారెస్టు అను చిన్న ఊరిలో జరిగిన సంగతిని ఆమెయే వ్రాసినది. కూడికకు వచ్చువారు బహు కొలదిమంది. ఒకనాడామె కుర్చీ ఒకటి తీసికొని వీథి మూలకు పోయి, దానిపై నిలిచి, కన్నులు మూసి, చేతులెత్తి మౌనముగా ప్రార్థించుచుండెను. ఏమి జరుగుచున్నదోయని జనము గుమిగూడిరి. అంతట ఆమె చటుక్కున క్రిందికి దూకి, నా వెంట రండని పరుగెత్తెను; జనమును పరుగెత్తిరి. అందరును మందిరములో చేరగానే తలుపులు మూయించెను! మన వీథి భాగోతము వారికిని, హరికథకులకును ఈ నేర్పు క్రొత్త గాదు. శ్రోత లేనిదే కథ లేదన్న సంగతి ఆమెకు ఆనాడే తెలిసినది.

అటుపై గుడారములు, మోటారుబండి, ఊరూర సభలు. రోగుల కొరకు ఆమె ప్రార్థించుట, కొందరు స్వస్థత పొందితిమని సాక్ష్యమిచ్చుట పత్రికల కెక్కెను. ఈ స్వస్థతల నిజానిజములపై తీర్పు చెప్ప మేము పూనుకొనము. 1918 చివర లాస్ ఏంజెలిస్ చేరిన ఆమె, 1923 జనవరి 1వ తేదీన అక్కడ ఏంజెలస్ టెంపుల్ అను మందిరమును ప్రతిష్ఠించెను. 5,300 మంది కూర్చుండ వీలున్న ఆ కట్టడము భక్తుల చందాలతో లేచినది. అక్కడి ప్రసంగములు నాటక ప్రదర్శనలను తలపించెడివి. మోటారును వేగముగా నడిపినందుకు ఒకమారు పోలీసులామెను పట్టుకొనగా, ఆమె తరువాత పోలీసు దుస్తులు ధరించి మోటారు సైకిలుపై వేదిక ఎక్కి, చేయెత్తి, పాపమార్గమున పరుగెత్తువారిని ఆగుమన్నది.

1924 ఫిబ్రవరిలో మందిరమునకు స్వంత రేడియో కేంద్రము ఏర్పడెను. దాని ప్రయోజనము 1925 జూన్ 29వ తేదీన తేటపడినది. శాంటా బార్బరా పట్టణమున భూకంపము వచ్చెనని విన్న వెంటనే ఆమె కేంద్రమునకు పరుగెత్తి, జరుగుచున్న కార్యక్రమమును ఆపించి, అన్నవస్త్రములు పంపుడని శ్రోతలను వేడుకొన్నది. బండ్లు బారులు తీరి బయలుదేరినవి. రేడియోయనగా పాటలపెట్టె అనుకొను దినములలో ఇది జరిగెనని గుర్తుంచుకొనవలెను.

మరుసటి ఏడు అపవాదు వచ్చిపడెను. 1926 మే 18వ తేదీన సముద్రస్నానమునకు పోయిన ఆమె మాయమాయెను. మునిగిపోయెనని జనము విలపించిరి. ఆమె కొరకు వెదకుచు ప్రాణములు కోల్పోయినవారును ఉన్నారు. జూన్ 23వ తేదీన మెక్సికో సరిహద్దున ప్రత్యక్షమై, దుండగులు తన్ను ఎత్తుకొనిపోయిరని చెప్పినది. రేడియో కేంద్రమున పనిచేసిన ఇంజనీరుతో కలిసి రహస్యముగా గడిపెనని ప్రతిపక్షులనిరి. కేసు నడిచెను, పత్రికలు పండుగ చేసికొనినవి, 1927 జనవరిలో అభియోగములు ఉపసంహరింపబడినవి. ఆమె తన మాట కడవరకు మార్చలేదు. కొందరు నమ్మిరి, కొందరు నవ్విరి. ఆమెపై కేసు పెట్టిన జిల్లా న్యాయవాది ఏసా కీస్, కొలది ఏండ్లకే వేరొక వ్యవహారమున లంచము నేరమునకు చెరసాల పాలాయెను!

అపవాదు మందిరమును మూయించలేదు. 1927లోనే ఆమె పేదలకొక అన్నవస్త్ర శాలను తెరచెను. ఆర్థికమాంద్యము వచ్చి పనులు పోయిన కాలమున, నీవెవరవు, నీ మతమేమి, ఎందుకు పేదవైతివి అని అడుగక పెట్టుట అక్కడి రివాజు. దేశమునుండి గెంటివేతురేమోయని వెరచి సర్కారు సహాయము కోరజాలని మెక్సికో వారికిది పెద్ద ఆసరా. తరువాత చలనచిత్ర నటుడుగా ప్రసిద్ధికెక్కిన ఆంథొనీ క్విన్ బాల్యమున ఆ మందిరపు వాద్యబృందములో నుండి, ఈ ఉపకారమును పెద్దవాడైన పిమ్మటయు స్మరించెను. మా దృష్టిలో ఆమె పరిచర్యలో మేలైన భాగము ఇదియే; సముద్రతీరపు వార్తకు దొరికిన అచ్చుకాగితములో దీనికి దొరికినది స్వల్పము.

ఇంటి జీవితము చివరివరకు చక్కబడలేదు. మూడవ వివాహమును విడాకులతో ముగిసినది. తల్లితోను కుమార్తెతోను తగవులు వచ్చినవి. 1944 సెప్టెంబరు 27వ తేదీన ఓక్లండులోని హోటలు గదిలో, నిద్రమాత్రలు మితిమీరి, ఆమె మరణించెను. అది ప్రమాదవశమున జరిగినదని విచారణలో తేల్చిరి. ఆమె ఏబది నాలుగవ పుట్టినదినమున సమాధి చేసిరి. కుమారుడు రోల్ఫ్ 1988 వరకు సంఘమును నడిపెను. ఏంజెలస్ టెంపుల్ నేటికిని నిలిచియున్నది. ఆమె స్థాపించిన రేడియో కేంద్రము మాత్రము 2003లో ఇతరుల పాలాయెను.