చాయ్ మానేసే బదులు

శ్రమదినాల గురించి రాయుమని మన పత్రికవాళ్ళు అడిగిండ్రు. నేను నాలుగో తరగతి వరకే చదివినోణ్ణి. తప్పులుంటే సర్దుకొని చదవండి.

మన చాల్‌లో శ్రావణంలో ఒక్కపొద్దులుండేటోళ్ళున్నరు, రోజాలుండేటోళ్ళున్నరు. కాబట్టి ఉపాసం అంటే ఏందో ఎవరికీ చెప్పే పనిలేదు. మా క్రైస్తవులకు శ్రమదినాలు భస్మ బుధవారం నాడు మొదలై, ఈస్టర్ ముందటి శనివారంతో అయిపోతయి. లెక్కబెడితే 46 రోజులు. నడుమ వచ్చే ఆరు ఆదివారాలు తీసేస్తే 40. యేసుప్రభువు అరణ్యంలో ఉపవాసమున్న 40 దినాలకు అది గుర్తు. కొన్ని సంఘాలల్ల పోయినేటి మట్టల ఆదివారం మట్టలు కాల్చి, ఆ బూడిదతో నొసట సిలువ పెడతరు.

నేను ప్రతి ఏడూ చాయ్ మానేసేవాణ్ణి. మిల్లులో పని చేసినోనికి చాయ్ మానుడంటే మాటలు గాదు. పదిగంటలకల్లా తల నొయ్యి, ఇంట్లో అందరి మీద అరుపులు. 2025లో మా ఇంటామె ఖరాఖండిగా చెప్పింది. "నువ్వు చాయ్ మానేసుడు, మేము నీ తిట్లు తినుడు. ఇదేం ఉపాసం? ఈసారి చాయ్ తాగు, రోజుకొక మంచి పని చెయ్యి." ఏం పని అంటే, "కింది అంతస్తు అన్నకు కండ్లు పోయినయి గదా, బైబిల్ చదివి వినిపియ్యి" అన్నది.

నాకు నోట మాట రాలేదు. ఆ అన్నతో నేను మాట్లాడక నలభై ఏండ్లు దాటింది.

బొంబాయి మిల్లుల సమ్మె మీకు తెలుసు. 1982 జనవరి 18న మొదలైంది. దత్తా సామంత్ వెనుక రెండున్నర లక్షల మందిమి బయటికొచ్చినం. నాకప్పుడు ఇరవైమూడేండ్లు. నేనూ, ఆ అన్నా ఒకే ఖాతాలో పక్కపక్క సాంచాల మీద ఉండేవాళ్ళం. ఆ చప్పుట్ల మాట వినబడదు. పెదవులు చూసి, చేతి సైగలతోనే ముచ్చట్లు పెట్టుకునేది. రెండో ఏడు వచ్చేసరికి ఇంట్లో బియ్యం లేవు. మా ఆమె పట్టీలు అమ్మినం. అప్పుడే ఆ అన్న పోలీసు బండిలో మిల్లు లోపలికి పోయిండు. నన్ను మళ్ళా పనిలో తీసుకోలేదు. భివండిలో పవర్‌లూమ్ మీద బతికిన. ఆ సమ్మె ఆపినమని ఇప్పటిదాకా ఎవరూ ప్రకటించలేదు. నా కడుపులో కూడా అది ఆగలేదు. ఒకే గుడికి పోతం గానీ, ఆయన బల్ల దగ్గరికి లేస్తే నేను కూసుందును.

పోనీ అని మార్చి 5న, బుధవారం పొద్దున, బైబిలూ అద్దాలూ పట్టుకొని దిగిన. మార్కులో 16 అధ్యాయాలు, లూకాలో 24. కలిపితే సరిగ్గా 40. రోజుకొకటి. "ఎవరు?" అన్నడు. పేరు చెప్పిన. కొంచెంసేపు ఊకున్నడు. "కూసో" అన్నడు.

ఇక కష్టం చెప్తా వినండి. సాంచాల చప్పుడుకు మా ఇద్దరికీ చెవులు సగం పోయినయి. ఆయనకు నీటికాసులతో చూపు కూడా పోయింది, మా పాత సైగలు పనికిరావు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చదవాలె. చాల్ అంతా విన్నది. మూడో రోజు నుంచి ఎదుటి ఖోలీ మరాఠీ ముసలామె గూడా వచ్చి గడప మీద కూసునేది. తెలుగు ఒక్క ముక్క రాదు, ఎందుకొచ్చేదో!

14వ రోజు మార్కులో పేతురు ప్రభువును ఎరుగనని చెప్పిన అధ్యాయం వచ్చింది. చదువుడు అయిపోయింది. ఆయన అరిచినట్టే అన్నడు, "లోపలికి పోయినంక నాలుగు సాంచాలిచ్చిండ్రు తమ్మీ. అందుల రెండు నీయే."

నాకు తెలుసు. ఎవరో అప్పుడే చెప్పిండ్రు. కానీ ఆయన నోట వినలేదు.

నా దగ్గర గూడా ఒకటుండె. ఆయన పోయిన వారంలోనే మేము పదిమందిమి కలిసి ఆయన భార్యను నల్లా దగ్గర నిలబడనియ్యలేదు. బిందె తన్నింది నేనే. అప్పుడామె కడుపుతో ఉన్నది. దూరంనుంచి నీళ్ళు మోసుకొచ్చుకున్నది. ఆమె పోయి పదేండ్లయింది, ఎవరిని అడగాలె? ఆ రోజు చెప్పలేక లేచొచ్చిన. మరునాడు పోవద్దనుకున్న. మా ఆమె అద్దాలు తెచ్చి చేతిల పెట్టింది.

పదిహేనో అధ్యాయం ముందు చెప్పిన. అరిచే చెప్పాలె గదా, చాల్ అంతా విన్నది. నల్లా దగ్గర ఉన్నోళ్ళు గూడా ఆగిండ్రట. ఆయన చాలాసేపు మంచం పట్టె తడుముకుంట ఉన్నడు. "బిందె సొట్ట పోయింది. అదే బిందెల నీళ్ళు తాగినం చివరిదాకా" అన్నడు. మాఫ్ చేసిన అని అనలేదు. చదువు అన్నడు. చదివిన.

అట్లనే నడిచింది. ఒకరోజు జ్వరమొస్తే మనవరాలితో చదివించిన. లెక్క ఎట్ల కుదిరిందో గానీ మంచి శుక్రవారం నాటికి లూకా 23, సిలువ అధ్యాయమే వచ్చింది. శనివారం 24. "ఒకరోజు ముందే లేపితివి గదా తమ్మీ" అని నవ్విండు. ఆయన పండ్లు లేని నవ్వు మొదటిసారి చూసిన.

బైబిల్ మూసి లేవబోతుంటే అడిగిండు.

"యోహానుల ఎన్ని అధ్యాయాలు?"

"ఇరవై ఒకటి."

"అయితే సోమవారం రా. చాయ్ మా కోడలు పెడతది."