మీకు తెలుసా? ‘ఇంటూ’ అన్నిచోట్లను గుణకారము కాదు

ఉయ్యూరు చక్కెర కర్మాగారపు కాటా వద్ద, చెఱకు నిండిన బండి తూకమునుండి ఖాళీ బండి తూకమును తీసివేయునపుడు రైతు నోట అలవోకగా వెలువడు ‘మైనస్’ అను మాట లాటిను భాషనుండి వచ్చినది. ‘ప్లస్’ కూడ అట్టిదే. ఈ రెండింటి చిహ్నములును 1489లో జర్మనీలోని లైప్జిగు నగరమున వెలువడిన యోహానెస్ విడ్మన్ వాణిజ్యగణిత గ్రంథమున తొలిసారి అచ్చయినవి.

‘ఈక్వల్స్’ చిహ్నమును 1557లో ప్రవేశపెట్టిన వేల్సు దేశీయుడు రాబర్ట్ రికార్డ్, రెండు సమాంతర రేఖలకంటె సమానమైనవి వేఱు లేవని అందుకు కారణము చెప్పెను.

పదకొండవ శతాబ్దివాడని ప్రతీతి గల పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించునాటికి ఈ గుర్తులేవియు పుట్టలేదు; లెక్కలన్నియు పద్యములలోనే నడచినవి.

1631లో విలియం ఆట్రెడ్ ప్రచురించిన గుణకార చిహ్నమును మన బడులలో ‘ఇంటూ’ అందురు: మూడు ఇంటూ నాలుగు పన్నెండు. ఇంగ్లండు బాలుడు మాత్రము దానినే ‘త్రీ టైమ్స్ ఫోర్’ అనును. ‘త్రీ ఇంటూ ట్వెల్వ్’ అనినచో పన్నెండును మూడుచే భాగింపుమని గ్రహించి, నాలుగని బదులు చెప్పును. కావున విదేశములకు చదువబోవు మన విద్యార్థులు ‘టైమ్స్’, ‘మల్టిప్లయిడ్ బై’ అను మాటలను ముందుగనే అలవఱచుకొనుట మేలు.