స్వే బార్ పట్టు పెంచదు, పంచుతుంది

కడప నుంచి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు, నంద్యాల నుంచి గిద్దలూరు దారిలో నల్లమల ఘాటు. ఈ మలుపుల్లో కారు పక్కకు ఒరిగితే చాలామంది చెప్పే మందు ఒకటే: లావుపాటి స్టెబిలైజర్ రాడ్డు వేయించు, బండి రోడ్డుకు అతుక్కుపోతుంది. స్వే బార్ అన్నా, యాంటీ రోల్ బార్ అన్నా, షెడ్డులో స్టెబిలైజర్ రాడ్డు అన్నా వస్తువు ఒకటే. ఒరగడం తగ్గుతుందన్నంత వరకు ఆ సలహా నిజం. పట్టు పెరుగుతుందన్న చోటే లెక్క తప్పుతుంది. ముందుచక్రాలతో నడిచే కార్లకు రాడ్డు ఎంచుకోవడంలో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ ఒక్క అపోహలోంచే పుడుతున్నాయి.

1919లో కెనడాకు చెందిన స్టీఫెన్ కోల్‌మన్ పేటెంటు పొందిన ఈ పరికరం నిజానికి మెలితిరిగే స్ప్రింగు. నడుము భాగం బుష్‌లతో బండి కింద, రెండు చివర్లు లింకు రాడ్లతో ఎడమ, కుడి చక్రాలకు బిగిసి ఉంటాయి. రెండు చక్రాలూ కలిసి లేస్తే రాడ్డు ఊరికే తిరుగుతుంది. ఒకటి లేచి ఇంకొకటి దిగితేనే మెలి పడి ఎదురు తిరుగుతుంది. ఇప్పుడు మలుపు సంగతి చూద్దాం. మనిషితో కలిపి 950 కిలోల చిన్న కారు, బరువు కేంద్రం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున, చక్రాల మధ్య వెడల్పు మీటరున్నర అనుకోండి. గురుత్వంలో సగం బలంతో మలుపు తిరిగితే సుమారు 175 కిలోల భారం లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మారుతుంది. లావు రాడ్డు వేసినా, రాడ్డే లేకపోయినా ఈ అంకె ఇంచుమించు అదే. ఆ 175 కిలోల్లో ముందు ఇరుసు వాటా ఎంత, వెనక ఇరుసు వాటా ఎంత అన్నదొక్కటే రాడ్డు చేతిలో ఉంది. టైరు మీద భారం రెండింతలైతే పట్టు రెండింతలు కాదు, కాస్త తక్కువే పెరుగుతుంది. కాబట్టి ఏ ఇరుసు మీద ఎడమ కుడి భారాల తేడా ఎక్కువైతే ఆ ఇరుసు మొత్తం పట్టు తగ్గుతుంది. గట్టి రాడ్డు వేసిన వైపే ముందుగా జారడం మొదలుపెడుతుంది.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో ముందు టైర్ల మీద ఇప్పటికే మోయలేనంత పని ఉంది. ఇంజనూ గేర్‌బాక్సూ అక్కడే ఉండటంతో ఖాళీ బండి బరువులో సుమారు 60 శాతం వాటి మీదే పడుతుంది. బండిని లాగేది, తిప్పేది, బ్రేకు వేస్తే ఎక్కువ భాగం ఆపేది కూడా అవే. అందుకే వేగం మించినప్పుడు స్టీరింగు తిప్పినా కారు నేరుగా పోతుంది, దీన్నే అండర్‌స్టీర్ అంటారు. ఇలాంటి బండికి ముందు రాడ్డు లావు చేస్తే రోగం ముదురుతుంది. ఘాటు ఎక్కుతూ వంపులో యాక్సిలరేటర్ తొక్కితే, భారం తగ్గిన లోపలి ముందు చక్రం ఉత్తినే తిరుగుతుంది. దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది సబబైనదే. స్విఫ్ట్ లాంటి కార్లలో ముందు ఉండే స్ట్రట్ సస్పెన్షన్‌లో బండి ఒరిగితే బయటి టైరూ దానితోపాటు ఒరిగి అంచు మీద నడుస్తుంది. ఆ ఒరుగును ఆపడానికి ముందు కొంత గట్టిదనం అవసరమే. అందుకే ముందు రాడ్డు తీసేయమని ఎవరూ చెప్పకూడదు. కానీ ఆ అవసరం ఎంతో కంపెనీ లెక్క చూసే పెట్టింది. మార్చదలిస్తే చూడాల్సింది వెనక వైపు.

అయితే వెనక చూస్తే రాడ్డు కనిపించదు, ‘కంపెనీవాళ్లు డబ్బు మిగుల్చుకున్నారు’ అంటారు. స్విఫ్ట్, బలేనో, ఐ20, పోలో, ఈటియోస్ లాంటి కార్లలో రెండు వెనక చక్రాలనూ కలిపే అడ్డదూలం ఉంటుంది. దాన్ని టార్షన్ బీమ్ అంటారు. బండి ఒరిగినప్పుడు ఆ దూలమే మెలితిరుగుతుంది, అంటే స్వే బార్ పనిలో సగం అదే చేస్తోంది. పైగా రాడ్డు గురించి ఇన్నోవా డ్రైవర్లు ఇచ్చే సలహా స్విఫ్ట్‌కు పనికిరాదు. ఎందుకంటే పాత ఇన్నోవా, క్రిస్టా వెనకచక్రాలతో నడిచేవి, హైక్రాస్ మాత్రమే ముందుచక్రాల బండి.

‘రెండు మిల్లీమీటర్లేగా’ అన్నది ఇంకో అపోహ. రాడ్డు గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల రాడ్డు తీసి అదే ఆకారంలో 22ది వేస్తే 46 శాతం ఎక్కువ. 18 నుంచి 22కి పోతే రెండింతలు దాటుతుంది. చక్రంవైపు వంగిన రాడ్డు చేయి పొడవు 200 నుంచి 180 మిల్లీమీటర్లకు తగ్గినా 23 శాతం పెరుగుతుంది. లోపల బోలుగా ఉన్న రాడ్డు నాసిరకమన్న మాటా నిజం కాదు. 22 మిల్లీమీటర్ల రాడ్డులో 14 మిల్లీమీటర్ల బోలు ఉంటే బరువు 40 శాతం తగ్గినా గట్టిదనం 16 శాతమే తగ్గుతుంది.

మరి వెనక ఎంత గట్టి చేస్తే అంత మంచిదా? ఇక్కడే అసలు జాగ్రత్త కావాలి. కంపెనీలు అండర్‌స్టీర్‌ను కావాలనే ఉంచుతాయి. భయపడ్డ మనిషి చేసే మొదటి పని యాక్సిలరేటర్ మీంచి కాలు తీయడం. అలా తీయగానే భారం ముందుకు జరిగి, జారుతున్న ముందు టైర్లు మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటాయి. వెనక రాడ్డు మితిమీరితే అదే కాలు తీయడం వెనక భాగాన్ని తేలిక చేసి, తోక బయటికి విసురుతుంది. గువ్వలచెరువు ఘాటు దిగుతున్నప్పుడు, అదీ నెలల తరబడి పేరుకున్న దుమ్మూ నూనే మీద తొలివాన పడ్డ రోజున, ఇది ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఐదుగురిని, డిక్కీ నిండా సామానునూ ఎక్కించుకుని తిరుమలకో శ్రీశైలానికో బయలుదేరితే వెనక టైర్ల మీద బరువు మరీ పెరుగుతుంది. ఖాళీ బండితో సరిచూసిన రాడ్డు ఆ రోజు వేరే బండిలా ప్రవర్తిస్తుంది. ‘ఈఎస్పీ ఉందిగా’ అనవచ్చు, అంటే జారుతున్న బండిని నిలబెట్టే ఎలక్ట్రానిక్ ఏర్పాటు. 2024 స్విఫ్ట్‌లో అన్ని రకాలకూ అది ఉంది, మంచిదే. కానీ ఆ యంత్రాన్ని కంపెనీ సరిదిద్దింది తన రాడ్లతో, మనం వేసినవాటితో కాదు. 1997లో స్వీడన్ పత్రిక పరీక్షలో ముందుచక్రాల మెర్సిడెస్ ఏ క్లాస్ బోల్తా పడ్డప్పుడు కంపెనీ సస్పెన్షన్ మార్చడంతో ఆగలేదు, ఈఎస్పీని కూడా జతచేసింది. బండి నిలకడ ఒక్క కడ్డీ మీద ఆధారపడదు.

రేసుల్లో లోపలి వెనక చక్రం గాల్లోకి లేచిన ఫొటోలు చూసి కొందరు భయపడతారు, కొందరు ముచ్చటపడతారు. లేచిన చక్రం దానంతట అది ప్రమాదం కాదు. అది లేచాక వెనక రాడ్డు చేయగలిగిందంతా అయిపోయినట్టే, ఇంకా లావు చేసినా లాభం లేదు.

లావు రాడ్డు మోజుకు తిరగబడ్డ అపోహ పల్లె రోడ్ల మీద వినిపిస్తుంది: లింకులు విప్పేస్తే బండి మెత్తగా పోతుందని. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుంటుంది కాబట్టి నంద్యాల చుట్టుపక్కల రోడ్లు అలల్లా మారతాయి. ఎడమ చక్రమొక్కటే గుంతలో పడితే రాడ్డు ఆ కుదుపును కుడివైపుకూ పంపేమాట నిజమే. దానికోసం రాడ్డును ఊడదీస్తే మలుపులో ఒరుగు పెరిగి, అడ్డొచ్చిన గేదెను తప్పించబోతే బండి ఎటుపోతుందో చెప్పలేం. చాలాసార్లు ‘కటకట’ శబ్దానికి కారణం ఎండకు గట్టిపడ్డ బుష్, చిరిగిన రబ్బరులోంచి దుమ్ము చేరిన లింకు. మార్చాల్సింది వాటిని.

అందుకే ముందుగా టైర్లు, బరువుకు తగ్గ గాలి, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, అలైన్‌మెంట్ సరిచేయించండి. అప్పటికీ అండర్‌స్టీర్ ఇబ్బంది పెడితే వెనక మాత్రమే, ఒక్క మెట్టు పెంచండి. సర్దుబాటు రంధ్రాలున్న రాడ్డయితే అన్నిటికన్నా మెత్తని రంధ్రంతో మొదలుపెట్టి, ఖాళీగానూ నిండు బరువుతోనూ చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ నమూనాకు భిన్నమైన మార్పులను నిషేధిస్తుంది, 2019 సవరణ తర్వాత అనుమతిలేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు శిక్ష, లేదా రెండూ పడవచ్చు. రాడ్డు కొనకముందే ఆర్టీఓ కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ అడిగి తెలుసుకోండి.