వంపుకు తగిన ఫార్ములా

కంప్యూటర్ మీద కారు బానెట్ గీసినా, టర్బైన్ రెక్క గీసినా లోపల పనిచేసేది స్ప్లైన్. ఓడల నమూనాలు గీసేవారు వాడిన వంగే చెక్కబద్ద పేరది. సీసపు బరువులతో అక్కడక్కడా ఆపితే బద్ద నునుపుగా వంగేది. ఆ పేరును 1946లో ఐజాక్ షోన్‌బర్గ్ గణితంలోకి తెచ్చాడు.

కంప్యూటర్ స్ప్లైన్ ముక్కలు ముక్కలుగా తయారవుతుంది. ఒక్కో ముక్క సాధారణంగా మూడో డిగ్రీ బహుపది. అతుకు దగ్గర రెండు ముక్కల దిశా, వంపూ కలిస్తే అతుకు తెలియదు. డిజైనర్ వక్రరేఖ ఆకారాన్ని నిర్ణయించే కంట్రోల్ పాయింట్లను జరిపితే వాటి దగ్గరి ముక్కలే మారతాయి.

ఇంత చక్కటి పద్ధతికి వృత్తం మాత్రం లొంగదు. పావు వృత్తాన్ని మూడో డిగ్రీ ముక్కతో గీస్తే వ్యాసార్ధంలో సుమారు 0.027 శాతం తేడా వస్తుంది. మీటరు వ్యాసార్ధానికి అది పావు మిల్లీమీటరు పైనే. అందుకే పరిశ్రమ నర్బ్స్ అనే భిన్నరూప స్ప్లైన్లను పట్టుకుంది. బహుపదిని బహుపదితో భాగిస్తే వృత్తం కచ్చితంగా వస్తుంది. కానీ అవకలనం చేసిన కొద్దీ భిన్నం చిక్కుపడుతుంది. స్ప్రింగు చుట్టు, వేలాడే తీగ వంపు అప్పటికీ కచ్చితంగా రావు.

సాధారణీకృత స్ప్లైన్లు మూలాన్నే మారుస్తాయి. మూడో డిగ్రీ బహుపదిలో నాలుగు దినుసులుంటాయి: స్థిరసంఖ్య, టి, టి వర్గం, టి ఘనం. చివరి రెండూ తీసి సైన్, కొసైన్ పెడితే వృత్తం, స్ప్రింగు చుట్టు కచ్చితంగా వస్తాయి. హైపర్బోలిక్ సైన్, కొసైన్ పెడితే వేలాడే తీగ వంపు వస్తుంది. కంట్రోల్ పాయింట్లు, అతుకుల నునుపు యథాతథం.

అయితే ఏ ఫంక్షన్లను పడితే వాటిని కలపలేం. కంట్రోల్ పాయింట్లను కలిపే గీతకు మించి వక్రరేఖ అటూ ఇటూ ఊగకూడదు. సైన్, కొసైన్ దినుసులతో ఈ హామీ దక్కాలంటే ఒక్కో ముక్క 180 డిగ్రీల లోపే ఉండాలి.

2005లో థామస్ హ్యూస్, కాట్రెల్, బజిలెవ్స్ ఐసోజియోమెట్రిక్ ఎనాలిసిస్‌ను ప్రతిపాదించాక ఫంక్షన్లను ఎంచుకునే ఈ వెసులుబాటు విలువ పెరిగింది. డిజైన్ గీసిన ఫంక్షన్లతోనే ఒత్తిడి, కంపనం లెక్కలూ చేయడం దాని ఉద్దేశం. ఆ లెక్కలకు అవకలనం, సమాకలనం తప్పవు. సైన్, కొసైన్‌లను ఎన్నిసార్లు అవకలనం చేసినా అవే తిరిగి వస్తాయి. కాబట్టి గీసే ముందే వస్తువు ఆకారాన్ని చూసి ఫంక్షన్లను ఎంచుకోవాలి. ఆ ఎంపిక సరిగ్గా కుదిరితే గీతలోని కచ్చితత్వం బలాల లెక్క దాకా నిలుస్తుంది.