గణనయంత్రము - దేశప్రణాళిక

దేశాభివృద్ధికి ప్రణాళిక యావశ్యకమని యంగీకరించువారందఱును ఒక ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నారు. నేడు చేయు వ్యయము పదియేండ్లకు నే ఫలము నిచ్చునో ముందుగా నెఱుంగు టెట్లు? కంప్యూటరు నాశ్రయింపుడని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పంట, పరిశ్రమ, జనసంఖ్య, ధరలు మున్నగువాని పరస్పరసంబంధములను సమీకరణములుగా వ్రాసి యంత్రమున కొసగినచో, నొక పద్దును పెంచిన వేఱొక పద్దెట్లు మాఱునో సంవత్సరక్రమమున నది లెక్కించి చూపును.

ఈ మార్గమును సాహసముతో నవలంబించిన దేశము చిలీ. 1970లో అధ్యక్షుడైన సాల్వడోర్ అలెండీ ప్రభుత్వము, పరిశ్రమలను జాతీయము చేయుచు, 1971లో స్టాఫర్డ్ బీర్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుని రప్పించి ‘సైబర్‌సిన్’ పథకమును ప్రారంభించెను. కర్మాగారముల సమాచారము టెలెక్సుద్వారా రాజధానియగు శాంటియాగోకు చేరవలెను. అచ్చటి కంప్యూటరు దానిని పరిశీలింపవలెను. ‘చెకో’ యను భాగము దేశార్థికస్థితి ననుకరించి భవిష్యత్తును సూచింపవలెను. సంకల్పము ఘనమే. కాని చెకో ప్రయోగదశను దాటనేలేదు. 1972 అక్టోబరున లారీల యజమానులు సమ్మెకట్టగా ప్రభుత్వమున కక్కఱకు వచ్చినది భవిష్యత్తును చెప్పు నమూనా కాదు. సరకెచ్చటనున్నదో, ఏ దారి తెఱచియున్నదో తెలిపిన టెలెక్సు తంతులే. 1973 సెప్టెంబరు 11వ తేదీని సైన్యము ప్రభుత్వమును కూలద్రోయగా పథకమును నంతరించినది.

మన దేశానుభవమును స్మరింపదగియున్నది. 1956లో ప్రారంభమైన రెండవ పంచవర్షప్రణాళికకు ప్రశాంతచంద్ర మహలనోబిస్ గణితనమూనా యాధారము. అది భారీపరిశ్రమలకు ప్రాధాన్యము నొసగినది. విదేశవ్యాపారమును లెక్కకు దీసికొనలేదు. 1957 నాటికే విదేశమారకద్రవ్యమునకు కటకట యేర్పడినది. లెక్క తప్పినది గాదు. లెక్కలో జేర్పనిదే లోపమైనది.

కావున నమూనాను త్రోసిపుచ్చుట వివేకము కాదు. దైవజ్ఞునివలె నమ్ముటయు వివేకము కాదు. ఒక మార్గము నష్టకరమని పొలమునందు తెలియుటకంటె కాగితముమీద తెలియుట మేలు గదా! అయితే ప్రభుత్వమువారు మూడు నియమములను పాటింపవలెను. నమూనాలోని ఊహలను శాసనసభలయెదుట ప్రజల భాషలో ప్రకటింపవలెను. గడచిన సంవత్సరముల లెక్కలను అది సరిగా చూపగలదో లేదో పరీక్షింపవలెను. చెఱువునీరు, కౌలు, కూలి మున్నగు విషయములను గ్రామములకు వచ్చి రైతుల నడిగి తెలిసికొనవలెను. విత్తనము పుచ్చయినచో దుక్కి యెంత లోతైనను పంట రాదు. అంకెలు తప్పయినచో యంత్రమెంత వేగముగా లెక్కించినను ఫలము దక్కదు. ఏ కోరికను ముందు తీర్చవలెను, ఏ భారము నెవరు మోయవలెను అను నిర్ణయము ప్రజలది. దానిని యంత్రమునకు వదలరాదు.