సల్సా: చెక్కపెట్టె మీద పుట్టిన దరువు

హాస్టల్లో కరెంటు పోయిన రాత్రి మనం ఏం చేస్తాం? ఒకరు కంచం, ఇంకొకరు ట్రంకుపెట్టె అందుకుంటారు. దరువు మొదలవుతుంది. అలాంటి దరువులోంచే పుట్టి ప్రపంచమంతా తిరిగిన సంగీతం సల్సా. దాని గురించి మేము తెలుసుకున్న నాలుగు మాటలు మీతో పంచుకుంటున్నాం.

సల్సా అంటే స్పానిష్ భాషలో వంటకానికి రుచినిచ్చే సాస్ అని అర్థం. ఈ సంగీతం వేళ్లు క్యూబా దీవిలో ఉన్నాయి. చెరకు తోటల్లో చాకిరీకి స్పెయిన్ పాలనలో లక్షలాది ఆఫ్రికన్లను బానిసలుగా తెచ్చారు. అక్కడ బానిసత్వం 1886లో గాని రద్దు కాలేదు. వాళ్ల డోళ్లను పాలకులు పలుమార్లు నిషేధించారు. డోలు లేకపోతే ఎండుచేపలు దిగుమతయ్యే చెక్కపెట్టెలనే వాయించారు. 'కహోన్' అనే వాద్యం అలా వచ్చింది.

తూర్పు క్యూబాలో స్పానిష్ గిటారు, ఆఫ్రికా దరువు కలిసి 'సోన్' అనే పాట పుట్టింది. దీనికి ప్రాణం 'క్లావే'. రెండు చిన్న కర్రలతో ముందు మూడు, తర్వాత రెండు, మొత్తం ఐదు దెబ్బలు. లేదా ముందు రెండు, తర్వాత మూడు. పియానో అయినా, గొంతు అయినా ఆ ఐదింటికి లోబడి నడవాల్సిందే.

అర్సేనియో రోడ్రిగెజ్ 1911లో పుట్టారు. బానిసల వంశంవారు. చిన్నతనంలోనే చూపు పోయింది. వీధి వాద్యమని చిన్నచూపు చూసిన కాంగా డోలును 1940లలో ఆయన తన సోన్ బృందంలో చేర్చారు. పియానో, మరిన్ని ట్రంపెట్లు తోడయ్యాయి. నేటి సల్సా బృందానికి నమూనా అదే.

ఇక న్యూయార్క్ సంగతి. ప్యూర్టోరికో ప్రజలకు 1917లో అమెరికా పౌరసత్వం వచ్చింది. పని వెతుక్కుంటూ వెళ్లినవారు తూర్పు హార్లెం, బ్రాంక్స్ పేదవాడల్లో స్థిరపడ్డారు. క్యూబా పాటకు తమ 'బొంబా', 'ప్లేనా'లను, జాజ్‌ను కలిపారు. 1962లో అమెరికా క్యూబాతో వ్యాపారం నిలిపేసింది. 1964లో జానీ పచేకో, జెర్రీ మసూచి న్యూయార్క్‌లో ఫానియా రికార్డుల సంస్థను ప్రారంభించారు. 1970లలో ఈ సంగీతానికి సల్సా అన్న పేరు స్థిరపడింది. సీలియా క్రూజ్ గొంతు దేశదేశాలు చుట్టింది. 1978లో విల్లీ కొలోన్, రూబెన్ బ్లేడ్స్ తెచ్చిన 'సియెంబ్రా' ఆల్బమ్ పేదవాడల బతుకును పాడింది. సియెంబ్రా అంటే విత్తడం.

అర్సేనియో మాత్రం ఆ పంట చూడలేదు. 1970 డిసెంబరులో లాస్ ఏంజిలిస్‌లో కన్నుమూశారు.

మిత్రులారా, దరువును తక్కువ చేసి చూసే ఊళ్లు మనకు కొత్త కాదు. ఈ వార్షికోత్సవంలో డప్పు వాయించే తమ్ముళ్లను వేదిక మీద ముందు వరుసలో నిలబెడదాం.