పదబంధ ప్రహేళిక

ప్రహేళిక మనకు క్రొత్తది కాదు. దండి కావ్యాదర్శమున 16 విధములు చెప్పియున్నాడు. ఆర్థరు విన్ కూర్చిన గళ్ల పలుకులాట 1913 డిసెంబరు 21వ తేదీని న్యూయార్కు వరల్డు పత్రికలో వెలువడెను. గూఢమైన ఆధారములు తరువాత ఇంగ్లండున పుట్టినవి. తెలుగున శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలను కూర్చెను.

మనకు గడికొక యక్షరము. గుణితము, వత్తు, సున్న దానితోడనే యుండును. ఆధారమున ఒక కొన అర్థము, తక్కినది కూర్పు.

"తిరుగబడిన లత శిరస్సు (2)": 'లత'ను త్రిప్పిన 'తల'.

"పెదకాకాని లోపలి యిచ్చకము (2)": గుంటూరు చెంతనున్న యా యూరి పేరులోనే 'కాకా' దాగియున్నది.

"సంచి మొదట పత్తి చేరిన భాగ్యము (3)": 'సంచి' మొదటి యక్షరమునకు 'పత్తి' చేర్పగా 'సంపత్తి'.

ఇచ్చట 'సంపద'యు 3 గళ్లలో ఇముడును, అర్థమును సరిపోవును. కాని అందు పత్తి యేది? అది వ్రాసినచో మూడవ గడిని దాటి నిలువుగా దిగు మాట చెడును. కావున మాట తోచినంతనే కలము దింపక, కారణము చెప్పగలమా యని చూచుకొనుడు. చెప్పగలిగినచో, వ్రాసిన యక్షరమును తుడువవలసిన పని యుండదు.